భుజం మార్చుకునే విద్య

కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటకు ప్రభలు వచ్చే వేళ జనం చూపంతా పైనే ఉంటుంది. రంగురంగుల బట్టలు, గంటలు, వెదురు చట్రం మీద కొలువైన రుద్రుడు. నాకు మాత్రం మోసేవాళ్ల కాళ్ల వైపు చూడడం అలవాటు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది దాటి రావాలి. దిగేచోట గట్టు జారుతుంది, అడుగున బురద కాలిని పట్టుకుంటుంది, ఒడ్డెక్కితే వరిచేలు. అంత ఎత్తు ప్రభ కాస్త ఒరిగిందంటే చాలు, బరువంతా ఒకపక్క భుజాల మీదికి వచ్చి పడుతుంది. తాళ్లు పట్టుకున్నవాళ్లు పక్కల నుంచి లాగి నిలబెడుతుంటారు. భుజం మీద మడతపెట్టిన తువ్వాలు, అందరిదీ ఒకే కేక, ఒకే అడుగు. ఒకడి భుజం అలిసిందంటే పక్కవాడు కిందికి దూరి తన భుజం ఆనిస్తాడు. మనిషి మారతాడు, ప్రభ ఆగదు.

2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. ఆ ప్రభల అందం గురించి, పదకొండుమంది రుద్రుల గురించి పత్రికలు ఏటా రాస్తాయి. మోత గురించి రాసేవాళ్లు తక్కువ. బరువు దించకుండానే భుజం మార్చుకోవడమన్న ఆ పనితనం ఇవాళ అమలాపురంలోనూ, రాజోలులోనూ, కొత్తపేటలోనూ జిమ్ముకు వెళ్లి పవర్‌లిఫ్టింగ్ పోటీకి తయారయ్యేవాళ్లకు కావలసినదేనని నా నమ్మకం. ఎందుకంటే పోటీకి తయారయ్యే మూడు నెలల్లో ఏదో ఒక కీలు సలపకుండా ఉండదు. పోటీ తేదీ మారదు, నొప్పి తగ్గదు. ఆ రెండింటి మధ్య ఏం చేయాలన్నదే ప్రశ్న.

ఆట తెలియనివాళ్లకు నాలుగు మాటలు. ఎత్తులు మూడే. బార్ మెడ వెనక పెట్టుకుని కూర్చుని లేచేది స్క్వాట్. బల్ల మీద వెల్లకిలా పడుకుని, బార్‌ను ఛాతీకి దించి నెట్టేది బెంచ్ ప్రెస్. నేల మీద ఉన్న బార్‌ను తొడల దాకా లేపి నిటారుగా నిలబడేది డెడ్‌లిఫ్ట్. ఒక్కోదానికి మూడు ప్రయత్నాలు, మూడింటిలోనూ నెగ్గిన పెద్ద బరువులు కలిపితే వచ్చేది టోటల్. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్లదీపం వెలిగిస్తేనే ఎత్తు చెల్లుతుంది. అంతర్జాతీయ సమాఖ్య 1972లో ఏర్పడింది. ఒలింపిక్స్‌లో ఈ ఆట లేదు, పారాలింపిక్స్‌లో బెంచ్ ప్రెస్ ఒక్కటే ఉంది. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలతో కాంస్యం గెలిచింది వెయిట్‌లిఫ్టింగ్‌లో, అందులో బార్ తల మీదికి వెళ్లాలి. పవర్‌లిఫ్టింగ్‌లో మన రాష్ట్రానికి పేరు తెచ్చినవాళ్లలో మంగళగిరి అమ్మాయి షేక్ సాదియా అల్మాస్ ఉంది. ఆమె 2021లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఆసియా పోటీల్లో పతకం గెలిచింది.

ఈ ఆటకు ఇంకో గుణం ఉంది. నలభై దాటాక మాస్టర్స్ విభాగాలు మొదలవుతాయి, డెబ్భై దాటినవాళ్లకూ ఒక విభాగం ఉంది. మిగతా ఆటలు మానేసే వయసులో కొత్తగా మొదలుపెట్టవచ్చు. సహజంగానే వీళ్ల మాటల్లో ప్లేట్ల లెక్క తర్వాత ఎక్కువగా వినిపించేది మోకాలు, భుజం, మోచేయి. “ఎలా ఉందండీ మోకాలు?” అని అడిగితే “ఆయ్, ఉందండి, దాని పని అది చేసుకుంటోంది” అంటారు మావాళ్లు. గోదావరి జిల్లాల్లో నొప్పికి కూడా మర్యాద ఇస్తాం.

బలం నేర్పే సంప్రదాయం ఈ గడ్డకు కొత్త కాదు. విజయదశమి రాత్రి అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొంకాపల్లిలో అబ్బిరెడ్డి రామదాసు 1856లో దీన్ని మొదలుపెట్టారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. కర్రసాము, కత్తిసాము, కళ్లకు గంతలు కట్టుకుని మనిషి ఒంటి మీద పెట్టిన కాయను కత్తితో నరకడం ఇందులో పేరుపడ్డ విన్యాసాలు. ఇవన్నీ పండక్కి. పండగ ముందు సాధన వేరు. దండీలు, బస్కీలు, కర్ర తిప్పడం, నూనె మర్దనా, ఏటా అదే కాలంలో, అదే వస్తాదు కంటి ముందు.

ఆ కసరత్తులను కీలు వైపు నుంచి చూస్తే వాటి తెలివి అర్థమవుతుంది. దండీలో చేతులు నేలకు ఆన్చి, ఒళ్లు వెనక నుంచి కిందికి దించి, ఛాతీని నేలకు దగ్గరగా ముందుకు జార్చి పైకి లేపుతారు. భుజం ఒకచోట బిగుసుకోకుండా పెద్ద వంపులో తిరుగుతుంది, రెక్క ఎముక వీపు మీద స్వేచ్ఛగా కదులుతుంది. బెంచ్ ప్రెస్‌లో జరిగేది దీనికి తలకిందులు. రెక్క ఎముకలను బల్లకు అదిమి కదలకుండా పెట్టి, భుజం చేత మాత్రమే పని చేయిస్తాం. బరువు ఎక్కువ ఎత్తాలంటే అదే పద్ధతి. కానీ వారానికి మూడు రోజులు అదే చేసి, భుజాన్ని ఇంకెటూ తిప్పకపోతే అది ముందువైపు సలపడం మొదలుపెడుతుంది. బస్కీలో మడమలు లేస్తాయి, మోకాలు కాలివేళ్లను దాటి ముందుకు వెళుతుంది, పిరుదులు మడమలకు ఆనుతాయి. మోకాలు వేళ్లను దాటకూడదని జిమ్ముల్లో ఎవరో ఒకరు ఇప్పటికీ చెబుతుంటారు. వరినాట్లు వేసే ఆడవాళ్లనూ, పీట వేసుకోకుండా గొంతుకూర్చుని కూరలు తరిగే అమ్మమ్మలనూ చూసి పెరిగిన ఊళ్లో ఆ సలహా ఎలా నాటుకుందో నాకు అంతుబట్టదు.

కర్ర తిప్పడం మరీ ముఖ్యం. చేతికి భారంకాని బరువుతో భుజం, మోచేయి, మణికట్టు మూడూ గుండ్రంగా తిరుగుతాయి. ఇలాగే తిప్పే మన ముద్గరాలను, అంటే కర్ర గదలను, చూసి ముచ్చటపడ్డ ఇంగ్లీషువాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో వాటిని తమ దేశానికి తీసుకెళ్లారు. అవి అక్కణ్నుంచి ప్రపంచమంతా తిరిగి 1904, 1932 ఒలింపిక్స్‌లో పోటీగా కూడా నిలిచాయి. ఇవాళ భుజం నొప్పితో వెళితే ఫిజియోథెరపిస్టు రబ్బరు పట్టీతో, కర్రముక్కతో నేర్పే వ్యాయామాలు ఈ తిప్పుడుకు దూరపు చుట్టాలేమీ కావు.

అయితే ఈ తాలింఖానా సాధనలో ఉన్నదంతా బంగారమని చెప్పను. లెక్క మీద మోజు ఎక్కువ. వెయ్యి బస్కీలు తీశాడంటే గొప్ప, వాటిలో ఎన్ని సరిగ్గా తీశాడన్నది ఎవరికీ పట్టదు. సాధన మధ్యలో నీళ్లు తాగకూడదన్న పట్టింపు ఉండేది, మన ఉక్కపోతలో అది ప్రమాదం. అన్నిటికంటే పెద్ద లోపం నొప్పిని ఒప్పుకోవడం నామోషీ అనుకోవడం. వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు గొలుసులు తెంచిన కథలు మనకు కంఠస్థం. 1942లో పోయిన ఆ మహాబలుడికి చివరి కాలంలో కాలు తీసేయాల్సి వచ్చిందన్న సంగతి ఆ కథల్లో వినిపించదు. బలవంతుడికి ఒళ్లు నొప్పి పుట్టదన్న భ్రమను మనమే పెంచి పోషించాం.

ఇక నొప్పి ఎక్కణ్నుంచి వస్తుందో చూద్దాం. కండకు రక్తప్రసరణ ఎక్కువ. కొన్ని వారాలు బరువులెత్తితే చాలు, బలపడుతుంది. కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధానికి రక్తం అందేది తక్కువ, దాని అల్లిక మారడానికి నెలలు పడుతుంది. కొత్త లిఫ్టరు రెండు నెలల్లో స్క్వాట్‌ను ముప్ఫై కిలోలు పెంచుతాడు, మోకాలిచిప్ప కింది స్నాయువు ఇంకా పాత బరువు దగ్గరే ఉంటుంది. నొప్పి పుట్టేది ఆ ఎడంలోనే. చాలామంది అనుకునే ‘అరుగుదల’ ఇది కాదు. కీలు లోపలి మృదులాస్థికి రక్తనాళాలే లేవు. నొక్కుడు పడి వదిలినప్పుడు కీలులోని జిగురునీరు లోపలికీ బయటికీ ఆడుతుంది, దానికి తిండి అందేది అలాగే. వాడకపోతే ఆ తిండీ తగ్గుతుంది. పరుగెత్తేవాళ్ల మీద వచ్చిన అధ్యయనాలను 2017లో ఒకచోట కూర్చి చూశారు. తుంటి, మోకాలి కీళ్లవాతం సరదాగా పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం మందికి ఉంటే, కూర్చుని ఉండేవాళ్లలో 10.2 శాతం, పైస్థాయి పోటీల్లో పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం మందికి కనిపించింది. పరుగు వేరు, బరువు వేరు. అయినా మితం ఎక్కడుందో ఆ మూడు అంకెలు బాగానే చూపిస్తాయి.

స్నాయువు విషయంలో స్వీడన్ ఎముకల డాక్టరు హోకాన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ కథ చెప్పుకోవాలి. ఆయన స్వయంగా పరుగెత్తే మనిషి. మడమ వెనక స్నాయువు నొప్పి ఎన్నాళ్లకూ తగ్గలేదు. ఆపరేషన్ చేయమంటే పై డాక్టరు ఒప్పుకోలేదు. స్నాయువు పూర్తిగా తెగితే తప్పక చేస్తారు కదా అని, తెంపుకోవాలనే ఉద్దేశంతో మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే కసరత్తు నొప్పిని లెక్కచేయకుండా మొదలుపెట్టాడు. తెగలేదు సరికదా, నొప్పి తగ్గిపోయింది. దాన్నే పద్ధతిగా మార్చి 1998లో ప్రచురించాడు. రెండు రకాలుగా, ఒక్కోటి పదిహేనేసి చొప్పున మూడు సెట్లు, రోజుకు రెండు పూటలు, పన్నెండు వారాలు. రోజుకు 180 సార్లన్నమాట. నొప్పి ఉన్న స్నాయువుకు విశ్రాంతి ఒక్కటే మందు అనుకునే రోజులు దానితో పోయాయి. నెమ్మదిగా, కొలిచి వేసిన బరువే దానికి మందు. ఆ డాక్టరులా తెంపుకోవాలని మాత్రం ఎవరూ ప్రయత్నించవద్దు.

మోకాలి దగ్గర ఈ భుజం మార్చుకోవడం ఎలా ఉంటుందంటే, స్క్వాట్‌లో బార్ పాదం నడిమి మీదుగా కిందికీ పైకీ వెళ్లాలి. బార్‌ను మెడకు దగ్గరగా, ఎత్తులో పెట్టుకుంటే ఒళ్లు నిటారుగా ఉంటుంది, మోకాళ్లు ముందుకు వెళతాయి, పని ఎక్కువగా మోకాళ్లది. బార్‌ను ఒకటి రెండు అంగుళాలు కిందికి, భుజాల వెనక గట్టు మీదికి దించితే ఒళ్లు ముందుకు వాలుతుంది, పిరుదులు వెనక్కి వెళతాయి, తుంటి ఎక్కువ మోస్తుంది. బరువు అదే, మోసే కీలు మారింది. మోకాలు సలిపే వారాల్లో ఈ మార్పు చాలామందికి చాలు. చాలనప్పుడు వెనక ఒక బల్ల పెట్టుకుని, దానికి ఆనేదాకా కూర్చుని లేవడం. అదీ కష్టమైతే బరువు బాగా తగ్గించి, దిగడానికి నాలుగు సెకన్లు తీసుకోవడం. నెమ్మదిగా దిగే అరవై కిలోలు దబాలున దిగే వందతో సమానంగా కండను అలిసిపోయేలా చేయగలవు, కీలు మాత్రం విసుక్కోదు.

పోటీలో చెల్లాలంటే తుంటి దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి రావాలి. అందుకని సాధనలో లోతు తగ్గించుకున్నవాళ్లు పోటీకి నెల ముందు నుంచైనా మెల్లమెల్లగా ఆ లోతుకు తిరిగి రావాలి. ఈ సంగతి మరిచిపోయి, మూడు ఎర్రదీపాలు చూసి, రిఫరీల కళ్లు సరిగ్గా లేవని ఇంటిదాకా తిట్టుకుంటూ వచ్చేవాళ్లను ప్రతి పోటీలోనూ చూడవచ్చు.

మోకాలికి ఇంకో ఉపాయం మన బడి పిల్లలందరికీ తెలుసు, శిక్షగా. గోడకుర్చీ. కదలకుండా బిగపట్టి ఉంచే ఇలాంటి భంగిమ స్నాయువు నొప్పిని కాసేపు మందగింపజేస్తుంది. 2015లో ఆస్ట్రేలియాలో మోకాలి స్నాయువు నొప్పి ఉన్న వాలీబాల్ ఆటగాళ్ల మీద ఇది ప్రయోగించి చూశారు. యంత్రం మీద కాలు బిగపట్టి 45 సెకన్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం, అలా ఐదుసార్లు. నొప్పి వెంటనే తగ్గింది, ముప్పావుగంట దాకా తగ్గే ఉంది. అందులో పాల్గొన్నది ఆరుగురే. తరువాతి పరిశోధనల్లో అందరికీ అంత ఫలితం రాలేదు. అయినా ఖర్చు లేదు, ప్రమాదం లేదు, గోడ ఉంటే చాలు. స్క్వాట్‌కు ముందు వార్మప్‌లో భాగంగా చేసి చూడడంలో తప్పులేదు.

భుజం కథ ఇంకాస్త మెలికలది. భుజం నొప్పి బెంచ్ ప్రెస్ వల్లనే వచ్చిందని అందరూ అనుకుంటారు. సగం సందర్భాల్లో అసలు దొంగ స్క్వాట్ అని నా అనుమానం. మోకాలిని కాపాడటానికి బార్‌ను వీపు మీద కిందికి దించామా, దాన్ని పట్టుకోవడానికి చేతులు వెనక్కి మెలితిరగాలి. భుజాలు పట్టేసినవాడికి ఆ మెలి భుజం ముందుభాగానికీ, మోచేయి లోపలివైపుకూ వెళుతుంది. వారం మధ్యలో అదే భుజంతో బెంచ్ చేసేసరికి నేరం బెంచ్ మీద పడుతుంది. మందు సులువే. బార్ మీద చేతులు కొంచెం ఎడంగా పట్టుకోవాలి, బొటనవేలిని మిగతా వేళ్లతోపాటు బార్ పైన ఉంచి మణికట్టు వెనక్కి వంగకుండా చూసుకోవాలి, వారంలో ఒక రోజు బార్ ఎత్తులో పెట్టుకుని చేయాలి. చేయబోయేముందు తాలింఖానా కర్రలాంటిది ఒకటి రెండు చేతులతో ఎడంగా పట్టుకుని, మోచేతులు వంచకుండా తల మీదుగా వెనక్కి, మళ్లీ ముందుకి పదిసార్లు తిప్పాలి.

బెంచ్‌లో మోచేతులు పక్కలకు పూర్తిగా విప్పకుండా ఒంటికి ఏటవాలుగా ఉంచితే భుజం ఊపిరి పీల్చుకుంటుంది. నియమాల ప్రకారం చూపుడువేళ్ల మధ్య 81 సెంటీమీటర్ల దాకా ఎడం పెట్టుకోవచ్చు. అంత పెడితే బార్ ప్రయాణం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, భుజం మీద లాగుడూ పెరుగుతుంది. సలిపే వారాల్లో రెండు వేళ్లు లోపలికి జరగాలి. నేల మీద పడుకుని నెట్టడం ఇంకో దారి, మోచేయి నేలకు తగలగానే ఆగుతుంది కాబట్టి భుజం మరీ వెనక్కి పోదు. నెట్టే ప్రతి సెట్టుకూ లాగే సెట్టు ఒకటి ఉండాలన్నది పాత జిమ్ము నియమం. దానికి మించిన కొత్త నియమం నేనింకా వినలేదు.

అమలాపురంలో భుజం గురించి మాట్లాడుతూ ఈ ఊరి బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డిని వదిలేయలేం. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టిన స్మాష్‌తో 2023లో గిన్నిస్ పుస్తకానికెక్కిన భుజం అది. అదే భుజం గాయంతో 2024లో కొన్ని టోర్నీలకు దూరంగా ఉండాల్సి వచ్చింది. ప్రపంచస్థాయి ఆటగాడు, చుట్టూ డాక్టర్లు, ఫిజియోలు ఉన్నవాడే ఆగవలసిన చోట ఆగాడు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం ఏడుకు జిమ్ముకు వచ్చేవాడికి ఒక పోటీ తప్పిపోతే కొంపలంటుకోవు.

నడుం, తుంటి దగ్గర ఎక్కువసేపు ఆగను. డెడ్‌లిఫ్ట్ కాళ్లు దగ్గరగా పెట్టి చేసేదీ, కాళ్లు బాగా ఎడం చేసి చేసే సుమో పద్ధతీ రెండూ పోటీలో చెల్లుతాయి. సుమోలో ఒళ్లు నిటారుగా ఉండి నడుం మీద భారం తగ్గుతుంది, గజ్జల మీద పెరుగుతుంది. దేనికదే. సాధనలో ప్లేట్ల కింద చెక్కలు పెట్టి బార్ ఎత్తు పెంచుకుంటే నడుం నొప్పి వారాలు గడిచిపోతాయి.

మరి ఎంత నొప్పి దాకా ఎత్తవచ్చు? ఫిజియోథెరపీలో వాడే ఒక కొలమానం ఉంది, లిఫ్టరు నోట్‌బుక్‌లో రాసుకోవడానికి అంతకంటే మంచిది నాకు దొరకలేదు. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనిది. కసరత్తు చేస్తుండగా ఐదు దాకా వచ్చినా ఫరవాలేదు. తెల్లారేసరికి అది మామూలు స్థితికి దిగిపోవాలి. వారం వారం పెరగకూడదు. ఇందులో అసలు పరీక్ష మర్నాటి పొద్దున్నే. మంచం దిగి మెట్లు దిగేటప్పుడు మోకాలు నిన్నటికంటే ఎక్కువ మాట్లాడిందంటే నిన్నటి బరువో సెట్లో ఎక్కువయ్యాయి. పది శాతం తగ్గించాలి, మానేయకూడదు. సోమవారం మూడు, బుధవారం నాలుగు, శుక్రవారం ఐదు అని నోట్‌బుక్‌లో కనిపిస్తే నొప్పి చెప్పకముందే కాగితం చెబుతుంది.

కలుక్కుమని ఒక్కసారిగా వచ్చి కీలు వాచినా, లోపల పట్టేసి చాపలేకపోయినా, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, రాత్రి నిద్రలోంచి లేపుతున్నా ఈ లెక్కలేవీ పనికిరావు. జిమ్ములో పెద్దల్నీ, కట్లు కట్టేవాళ్లనూ దాటుకుని నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇంట్లో మందుల గురించి కూడా చెప్పాలి. వావిలాకు వేసి కాచిన నీళ్ల కాపడం, ఉప్పుమూట కాపడం, నువ్వుల నూనె మర్దనా మనకు తాతలనాటివి. వేడి తగిలితే బిగుసుకున్న కండ వదులవుతుంది, నొప్పి కాసేపు మందగిస్తుంది. ఆ కాసేపట్లో వార్మప్ బాగా చేసుకోవచ్చు. చెడిన స్నాయువును అది బాగుచేస్తుందనుకుంటే మాత్రం నిరాశే. ముసురు పట్టిన రోజు కీళ్లు లాగుతాయని కోనసీమలో అందరూ ఒట్టేసి చెబుతారు. పరిశోధనలు అటూ ఇటూ ఉన్నాయి. మా ఇంట్లో పెద్దవాళ్లతో ఈ విషయంలో వాదించి గెలిచినవాళ్లు లేరు.

మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే నొప్పి మాత్రల సంగతి వేరు. రోజూ వేసుకుంటే కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పోటీ ముందు బరువు తగ్గించుకోవడానికి నీళ్లు మానేసిన రోజుల్లో వేసుకుంటే మరీ ప్రమాదం. అంతకంటే ముఖ్యం, నొప్పి కనిపించకుండా పోతే నోట్‌బుక్‌లో రాసే అంకె అబద్ధమవుతుంది. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని పోటీకి వెళ్లేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. 2022 జనవరి 1 నుంచి ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ పోటీ సమయంలో ఆ మందులను ఏ రకం ఇంజెక్షన్‌గా తీసుకున్నా నిషేధించింది. మందు ఒంట్లోంచి పోవడానికి రోజులు, కొన్నిటికి వారాలు పడుతుంది. డాక్టరుకు ముందే “పోటీ ఫలానా తేదీనండి” అని చెప్పాలి.

చివరి వారాలకు వద్దాం. భయం ఎక్కువై ఎక్కువ బరువులెత్తేది ఈ వారాల్లోనే, చెడేదీ ఈ వారాల్లోనే. సాధనలో చివరి పెద్ద డెడ్‌లిఫ్ట్ పోటీకి పది పద్నాలుగు రోజుల ముందే అయిపోవాలి. స్క్వాట్ వారం పది రోజుల ముందు, బెంచ్ ఐదారు రోజుల ముందు. ఆ తర్వాత చేసేదంతా ఒంటికి దారి గుర్తుచేయడానికే. కొత్త బలం వారంలో రాదు, పాత అలసట వారంలో పోతుంది. మూడు నెలలుగా సలుపుతున్న మోచేయి ఈ వారంలో ఉన్నట్టుండి మంచిదైపోతుంది. దాన్ని చూసి మురిసిపోయి ‘ఒక్కసారి పట్టి చూద్దాం’ అని బార్ దగ్గరికి వెళ్లకుండా ఆపగలిగే స్నేహితుడు ఒకడుండాలి.

పోటీ రోజు బరువు తూచడం మొదటి ఎత్తుకు రెండు గంటల ముందు మొదలవుతుంది. తూచాక తినాలి, తాగాలి. తేలిగ్గా అరిగే పిండిపదార్థం, కొంచెం చక్కెర, ఉప్పు. ఆత్రేయపురం పూతరేకులు ఇందుకోసమే పుట్టాయా అనిపిస్తుంది, బియ్యం రేకు, పంచదార. నెయ్యి తక్కువ వేసినవి చూసుకోవాలి. సలిపే కీలు ఉన్నవాడికి వార్మప్ ఎక్కువసేపు కావాలి. ఖాళీ బార్‌తో రెండు మూడు సెట్లు ఎక్కువ చేసి, పైబరువుల్లో ఒక్కోసారే ఎత్తాలి. మోకాలికి వేసుకునే రబ్బరు తొడుగులు ఏడు మిల్లీమీటర్ల మందం దాటకూడదు. అవి వెచ్చదనమిస్తాయి, ధైర్యమిస్తాయి, రెండూ కావలసినవే.

మొదటి ప్రయత్నానికి ఏ బరువు చెప్పాలన్నదే నొప్పి ఉన్నవాడికి అసలు పరీక్ష. నిద్రలేని రోజున, జ్వరం తగ్గిన మర్నాడు కూడా మూడుసార్లు లేపగల బరువే మొదటి బరువు. సాధనలో 150 కిలోల స్క్వాట్ చేసినవాడికి 137.5 చాలు. ఒక్క స్క్వాటైనా చెల్లకపోతే టోటల్ లేదు, టోటల్ లేకపోతే పోటీలో పేరు లేదు. రెండోది 145. అది లేచేటప్పుడు మోకాలు ఏ అంకె చెప్పిందో చూసుకోవాలి. మూడో బరువు చెప్పడానికి ఒక నిమిషమే టైము. నాలుగు అంటే 150 అడగవచ్చు. ఆరు అంటే మూడో ప్రయత్నం వదిలేసి బెంచ్‌కు వెళ్లాలి. స్క్వాట్‌లో వదిలేసిన ఐదు కిలోలు సాయంత్రం డెడ్‌లిఫ్ట్‌లో, బాగున్న తుంటితో, పదిగా తిరిగి వచ్చే అవకాశం ఉంది. నలభై దాటినవాళ్ల విభాగాల్లో పతకాలు తెచ్చుకునేవాళ్లు చాలావరకు ఈ వదిలేయడం తెలిసినవాళ్లే. కుర్రాళ్లు దీన్ని పిరికితనమంటారు. రెండు మూడు పోటీలయ్యాక అనడం మానేస్తారు.

పోటీ తర్వాత వారం బార్ ఖాళీగానే ఉండాలి. దండీలు, బస్కీలు, నడక, ఓపికుంటే కర్ర తిప్పడం. పోటీ హడావుడిలో వాయిదా వేసిన ఫిజియోథెరపిస్టు దగ్గరికి నోట్‌బుక్ పట్టుకుని వెళ్లడానికి ఇదే అదను. మూడు నెలల అంకెలు చూపిస్తే ఆయన అడగాల్సిన ప్రశ్నలు సగానికి తగ్గుతాయి.